సూట్‌కేసులో పట్టే బొమ్మలు

"అడ్రసు ఇప్పుడే అడగకు, బయల్దేరే ముందు రోజు అడుగు" అంది బెర్లిన్‌లో ఉండే నా స్నేహితురాలు. అలాగే అడిగాను. నిజంగానే మారింది. రెండేళ్లలో ఆమెకిది ఐదో గది. అద్దెకున్నవాళ్లు ఎవరైనా కొన్నాళ్లు ఊరెళ్తే, ఆ నాలుగైదు నెలలూ వాళ్ల గదిలో ఉంటుంది. వాళ్లు తిరిగొచ్చేలోగా ఇంకోటి వెతుక్కోవాలి.

ఆమె చెక్క మీద బొమ్మ చెక్కి, సిరా పూసి కాగితం మీద అచ్చు తీస్తుంది. మంచం కింది నుంచి సూట్‌కేసు లాగి చూపించింది. బొమ్మలన్నీ ఒకే కొలతలో ఉన్నాయి. ఎందుకలా అంటే మూత మీద తట్టి, "ఇందులో పట్టేది ఇంతే" అంది.

మర్నాడు క్రాయిట్స్‌బర్గ్‌లో కూవ్రీ వీధికి వెళ్లాం. బ్లూ అనే ఇటాలియన్ చిత్రకారుడు 2007, 2008లలో ఇక్కడి గోడల మీద రెండు పెద్ద బొమ్మలు వేశాడు. ఒకదాంట్లో టై కట్టుకున్న తల లేని మనిషి, రెండు చేతులకీ బంగారు వాచీలు, వాటిని కలుపుతూ గొలుసు. వాచీలంటే వాచీలు, బేడీలంటే బేడీలు. ముందున్న ఖాళీ స్థలంలో గుడారాలు, గుడిసెలు వేసుకున్నవాళ్లను 2014 సెప్టెంబరులో ఖాళీ చేయించారు. అదే డిసెంబరులో ఆ రెండు బొమ్మల మీదా నల్లరంగు పడింది. బిల్డరు పని అనుకుంటాం కదా, కాదు. బ్లూ ఒప్పుకునే, అతని సహచరులు పూశారు. అక్కడ కట్టబోయే ఖరీదైన ఇళ్లకు తమ బొమ్మ ఒక 'వ్యూ'గా అమ్ముడుపోవడం వాళ్లకి ఇష్టం లేదు.

ఇప్పుడక్కడ ఆఫీసుల భవనం ఉంది. ఫోటో తీయడానికేమీ లేక ఫోన్ జేబులో పెట్టుకున్నాను. అప్పట్లో వచ్చుంటే ఆ బొమ్మ ముందు నేనూ సెల్ఫీ దిగేవాణ్ణే. ఆ చోటికి రేటు పెంచినవాళ్లలో నాలాంటివాళ్లూ ఉన్నారు మరి.

"నేనైతే అలా చెయ్యలేను. ఒక్క అంగుళం చెక్కడానికే నాకు పూట పడుతుంది" అంది ఆమె.

టాకెలెస్ దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. పాత డిపార్ట్‌మెంట్ స్టోరు అది. కూల్చకుండా ఆపడానికి 1990లో కళాకారులు ఆక్రమించుకున్నారు, 2012లో వాళ్లను పంపించేశారు. 2023 నుంచి అందులో ఫోటోగ్రఫీ మ్యూజియం నడుస్తోంది. మెట్ల గోడల మీద వాళ్ల రాతలు, రంగులు మాత్రం భద్రంగా కాపాడారు. గీసినవాళ్లు పోయినా గీతలకి చోటు దొరికింది. టిక్కెట్టు కొనుక్కుని చూడొచ్చు.

ఆమె అసలు చూపించాలనుకున్నది వెడ్డింగ్ అనే పేటలోని ఎక్స్‌రోటాప్రింట్. ఒకప్పుడు అచ్చుయంత్రాలు తయారుచేసిన ఫ్యాక్టరీ. మూలన ముడి కాంక్రీటు టవరు, పెట్టెలు సరిగ్గా సర్దకుండా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటుంది. అమ్మకానికి పెట్టినప్పుడు, అందులో అద్దెకున్న కళాకారులు, మిగతావాళ్లు 2007లో లాభాపేక్ష లేని సంస్థ పెట్టుకున్నారు. నేలను రెండు ఫౌండేషన్లు కొన్నాయి. భవనాలు మాత్రం 99 ఏళ్ల హక్కుతో ఈ సంస్థ చేతిలో ఉన్నాయి. రేటు పెరిగిందని ఎవరూ తమ వాటా అమ్ముకోలేరు, లాభం జేబులో వేసుకోలేరు. స్టూడియోలకు మూడోవంతు, చిన్న చిన్న పనివాళ్లకు మూడోవంతు, సామాజిక సంస్థలకు మూడోవంతు చోటు. అంతా కళాకారులకే ఇచ్చుంటే నాకు ఇంత నచ్చేది కాదేమో. ఫ్యాక్టరీ ఉన్న పేటలో పని చేసుకునేవాడికి చోటు లేకుండా స్టూడియోలు మాత్రమే ఉంటే, అదీ ఒకరకం ఖాళీ చేయించడమేగా!

వాకిట్లో నిలబడి ఆమె ఒక తలుపు వెడల్పు జానలతో కొలిచింది.

"ఎందుకు?"

"ఊరికే. ఇందులోంచి ఎంత పెద్ద చెక్క లోపలికెళ్తుందో చూద్దామని."

నెలాఖరున ఆరో గదికి మారింది. సూట్‌కేసు నేనే పట్టుకుని మూడంతస్తులు దిగాను. కాగితాలేగా అనుకున్నాను, రెండో అంతస్తుకే చెయ్యి లాగేసింది. అడుగున చెక్కలు కూడా పెట్టిందట.