తడబడే ట్యాబ్లెట్ తెర

చదువుతూ పేజీని వేలితో పైకి జరిపినప్పుడల్లా అక్షరాలు ఒక్క క్షణం ఆగి, ఆపైన గెంతినట్టు కదులుతుండడంతో నా ట్యాబ్లెట్ తెర పాడైందనే మొదట అనుకున్నాను. సెకనుకు 60 సార్లు మారే తెరకు ఒక్కొక్క చిత్రాన్ని సిద్ధం చేయడానికి, లోపల పనులన్నీ నడిపే చిప్ అయిన ప్రాసెసర్‌కు దాదాపు 16.7 మిల్లీసెకన్ల వ్యవధి మాత్రమే ఉంటుంది. ఆ గడువు తప్పితే పాత చిత్రమే మళ్ళీ కనబడుతుంది, మన కంటికి అదే తడబాటు. రీస్టార్ట్ చేసినా, స్టోరేజీ ఖాళీ చేసినా (ఒకే ఫొటోకు నాలుగేసి నకళ్ళు ఉన్నాయని అప్పుడే తెలిసింది) పెద్దగా మార్పు రాలేదు. చివరికి వెనకవైపు అరచేయి ఆనించి చూస్తే కెమెరా పక్కన చురుక్కుమంది. మందపాటి కవరు తీయకుండా, ఛార్జింగ్‌లో ఉంచే వీడియో కాల్ మాట్లాడడం నా అలవాటు. వేడెక్కిన ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. కవరు తీసి, కేబుల్ పీకి, చల్లారనిచ్చాక పేజీలు సాఫీగా జారాయి.

ఆ వేడి బ్యాటరీకి మరింత చేటు. నిండా ఛార్జ్ అయి వేడిగా ఉన్న స్థితిలో ట్యాబ్లెట్లలో వాడే లిథియం అయాన్ బ్యాటరీ త్వరగా క్షీణిస్తుంది కాబట్టి, 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆగేలా సెట్టింగ్ పెట్టుకున్నాను. నెలకోసారి పూర్తిగా సున్నాకు తేవాలన్న సలహా పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల నాటిది, దాన్ని పట్టించుకోనవసరం లేదు. తెర అంచు పైకి లేచినట్టు కనబడితే మాత్రం బ్యాటరీ ఉబ్బి ఉండవచ్చు. నొక్కి సరిచేయబోకుండా, వెంటనే వాడకం ఆపి మరమ్మతుకు ఇవ్వాలి.