రెండు కార్బ్యురేటర్లూ ఒక్క మాట మీదికొచ్చాయి

నా రాజ్‌దూత్ 350 బైక్ ఇవాళ దారికొచ్చింది! ఎస్కార్ట్స్ వాళ్లు 1983లో తెచ్చిన మోడల్. టూ స్ట్రోక్, రెండు సిలిండర్లు, ఒక్కోదానికి ఒక మికుని కార్బ్యురేటర్ (పెట్రోల్‌నీ గాలినీ కలిపి ఇంజిన్‌కి పంపేది). ఎక్స్‌పాన్షన్ చాంబర్లు (టూ స్ట్రోక్ ఇంజిన్ల ప్రత్యేక సైలెన్సర్లు), పాడ్ ఫిల్టర్లు (గాలి ధారాళంగా లాగే ఎయిర్ ఫిల్టర్లు) పెట్టించాక గాలి ఎక్కువై మిక్స్చర్ పల్చబడింది, అంటే గాలికి తగ్గ పెట్రోల్ అందట్లేదు. అలాగే లాగిస్తే ఇంజిన్ వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. అందుకే ముందు మెయిన్ జెట్ల (పెట్రోల్ వచ్చే సన్న రంధ్రాల) సైజు పెంచాం.

అసలు పని థ్రాటిల్ కేబుళ్ల దగ్గరే. యాక్సిలరేటర్ తిప్పితే కార్బ్యురేటర్లలో పైకి లేచే రెండు స్లైడ్లూ ఒకేసారి లేవాలి. ఒకటి వెంట్రుకవాసి ముందు కదిలినా ఇంజిన్ చప్పుడులో తెలిసిపోతుంది. మెకానిక్ అన్న అడ్జస్టర్ని కొంచెం కొంచెం తిప్పుతూ, రెండు వేళ్లతో రెండు స్లైడ్లూ తాకి చూస్తూ సరిచేశాడు. ఆ ఓపికకి దండం పెట్టాలి.

తర్వాత ఖాళీ రోడ్డు మీద ఫుల్ థ్రాటిల్‌లో లాగి, క్లచ్ పట్టి, ఇంజిన్ ఆపేసి ప్లగ్గులు విప్పాం. రెండూ ఒకే కాఫీపొడి రంగు, అంటే రెండు సిలిండర్లలోనూ మిక్స్చర్ సరిగ్గా ఉన్నట్టే! కింది ఆర్‌పీఎమ్‌లో ఇంకా కాస్త తడబడుతోంది, రేపు ఎయిర్ స్క్రూల (తక్కువ వేగంలో మిక్స్చర్ సరిచేసే మరల) సంగతి చూడాలి.