పిడుదులు కుక్క మీద కన్నా గోడలోనే ఎక్కువ

విశాఖలో పిడుదులకి సీజన్ అంటూ ఉండదు. మే నెల ఉక్క అయినా, అక్టోబరు తుఫాను వానలయినా, సంక్రాంతి చలయినా వాటి పని వాటిదే. మన చలి వాటిని చంపేంత చలి కాదు, గాలిలో తేమ ఎలాగూ ఏడాది పొడుగునా ఉంటుంది. అయినా మందుల షాపులో వినపడే మాట ఒక్కటే: "గోమార్లు పట్టేశాయండీ, ఏదైనా పౌడరుంటే ఇవ్వండి." పౌడరు చల్లుతారు, స్నానం చేయిస్తారు, కనిపించినవన్నీ ఏరి పారేస్తారు. కొన్నాళ్లు హాయి. తర్వాత చెవులు మళ్లీ నిండిపోతాయి. అప్పుడు నేరమంతా పార్కులో గడ్డి మీదకి నెట్టేస్తారు.

నిజానికి గడ్డిది పెద్ద తప్పేం లేదు. పెంపుడు కుక్కల మీద మనకి ఎక్కువగా కనిపించేది గోధుమరంగు కుక్క పిడుదు. శాస్త్రీయ నామం రిపిసెఫాలస్ సాంగ్వినియస్. ఇది పొదల్లో కన్నా ఇళ్లలో బాగా బతుకుతుంది. జీవితంలో మూడుసార్లు రక్తం తాగుతుంది: ఆరు కాళ్ల పిల్లగా ఉన్నప్పుడు, ఎనిమిది కాళ్ల నడిమి దశలో, పెద్దయ్యాక. ప్రతిసారీ కడుపు నిండగానే కుక్క మీంచి రాలిపోయి ఏ గోడ పగుల్లోకో, గుమ్మం చెక్క వెనక్కో వెళ్లి దాక్కుంటుంది. చిన్నదైతే అక్కడ చర్మం విడిచి ఎదుగుతుంది. సెంటీమీటరు దాకా ఉబ్బిన బూడిదరంగు ఆడ పిడుదైతే వేలల్లో గుడ్లు పెట్టి చస్తుంది. పైగా ఇవి పైకి పాకే రకం. మనం ఫినాయిలు పోసి నేల తుడుస్తుంటే అవి కర్టెన్ మడతల్లో, స్విచ్ బోర్డు వెనక, సీలింగ్ మూలల్లో ఉంటాయి. మన వాతావరణంలో గుడ్డు నుంచి మళ్లీ గుడ్డు దాకా రెండు మూడు నెలలు పడుతుంది. కుక్క దొరక్కపోతే నెలల తరబడి పస్తుండగలవు.

కాబట్టి ఒక్క డోసు వేసి "మందు పనిచెయ్యలేదు" అంటే కుదరదు. కుక్కకీ ఇంటికీ ఒకేసారి మొదలుపెట్టి, కనీసం నాలుగు నెలలు మధ్యలో ఖాళీ రాకుండా నడపాలి.

కుక్కకి ఇప్పుడున్న వాటిలో నా ఓటు నమిలే మాత్రకే. అఫాక్సోలనర్, సారోలనర్ నెలకొకటి; ఫ్లురలనర్ ఒకటేస్తే పన్నెండు వారాలు. డోసు బరువుని బట్టి ఉంటుంది, అందాజుగా కొనకండి. కుక్కని ఎత్తుకుని తూకం మీద నిలబడి, మీ బరువు తీసేస్తే చాలు. ఫ్లురలనర్‌లో 10 నుంచి 20 కిలోల కుక్కకి 500 మిల్లీగ్రాముల మాత్ర, 20 నుంచి 40 కిలోలకి 1000. డబ్బు కలిసొస్తుందని పెద్ద మాత్ర కొని రెండు కుక్కలకి చెరి సగం పెట్టేవాళ్లున్నారు. విరిచిన మాత్రలో ఏ ముక్కలో ఎంత మందు వెళ్లిందో చెప్పలేం. ఫ్లురలనర్ అన్నం పెట్టినప్పుడే ఇవ్వాలి, ఖాళీ కడుపున ఒంటికి సరిగ్గా పట్టదు. ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉన్న కుక్కకి ఈ జాతి మందులు డాక్టరుకి చెప్పకుండా వెయ్యొద్దు. ఎనిమిది వారాలు నిండని, రెండు కిలోలు లేని పిల్లకి కూడా వద్దు.

మాత్ర వేశాక కూడా ఒంటి మీద పిడుదు కనిపిస్తుంది. కంగారు పడకండి. మందు ఉండేది రక్తంలో, పిడుదు కరిచి తాగితేనే చస్తుంది. ఒకటి రెండు రోజుల్లో ఎండిపోయి రాలిపోతుంది.

మెడ మీద పోసే చుక్కల మందయితే ఫిప్రోనిల్. రెండు భుజాల మధ్య, నాలుక అందని చోట, బొచ్చు పాయ తీసి చర్మం మీదే పొయ్యాలి. పోయడానికి రెండు రోజుల ముందూ తర్వాతా స్నానం కుదరదు. ప్రతి ఆదివారం రుషికొండలో ఈత కొట్టించి, ఇంటికొచ్చి షాంపూ పెట్టేవాళ్లకి ఇది అచ్చిరాదు, మాత్రే మేలు. నీళ్లలో కలిపి ఒంటికి పట్టించే అమిట్రాజ్ స్నానం చవకే గానీ, మందు కొలత సిరంజితో తియ్యాలి. మూతతో వంచి పోస్తే కుక్క రోజంతా మత్తుగా పడుంటుంది. ఒళ్లు ఆరేదాకా నాకనివ్వకూడదు.

ఇంటి సంగతే అసలు పని. మొదట కుక్క పడుకునే చోట గోనెసంచి, కొబ్బరిపీచు పట్టా, పాత పరుపు లాంటివి తీసెయ్యండి. వాటి సందులన్నీ గుడ్ల గూళ్లే. బదులు ఉతకగలిగే దుప్పటి వేసి వారానికోసారి మరిగే నీళ్లలో నానబెట్టండి. గోడ పగుళ్లు, స్కర్టింగ్ రాళ్ల సందులు తెల్ల సిమెంటుతో పూడ్చాలి. చెక్క గూడు ఉంటే జాయింట్లు విప్పి చూడండి, ఒక్కోసారి లోపల మిరియాలు పోసినట్టుంటాయి. వాక్యూమ్ క్లీనర్ ఉంటే మూలలూ, గుమ్మాల పై అంచులూ పట్టి సంచిని వెంటనే కట్టేసి పారెయ్యండి. ఆ తర్వాతే మందు కొట్టడం. డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ వాడతారు. సీసా మీద గోడలకని రాసిన పాళ్లలోనే కలిపి గోడ అడుగు నుంచి పై మూల దాకా కొట్టాలి. గుడ్ల మీద మందు అంతగా పనిచెయ్యదు, అందుకే పిల్ల పిడుదులు బయటికొచ్చే వేళకి, మూడు వారాల తర్వాత ఇంకోసారి. పూర్తిగా ఆరేదాకా కుక్కని లోపలికి రానివ్వొద్దు. పిల్లులకి ఈ మందులు విషం. అక్వేరియం ఉంటే వేరే చోటికి మార్చాలి, చేపలకి ఆ తుంపర చాలు.

రోజూ చూడాల్సిన చోట్లు: చెవి లోపలి మడత, చెవి అంచున చిన్న సంచీలా ఉండే చోటు, మెడ పట్టీ కింద, చంకలు, తోక మొదలు, కాలి వేళ్ల సందులు. వేళ్లని ఒక్కొక్కటీ విడదీసి చూడాలి, పిల్ల పిడుదులు అక్కడ గోధుమ చుక్కల్లా ఉంటాయి. తియ్యడానికి సన్న మొనల పట్టుకారు. పిడుదు పొట్టని కాదు, చర్మానికి ఆనుకుని తల దగ్గర పట్టుకుని తిన్నగా, నిదానంగా లాగాలి. కిరోసిన్ పొయ్యడం, అగరబత్తితో కాల్చడం వద్దే వద్దు. ఊపిరాడక అది తాగిందంతా గాయంలోకి కక్కితే రోగం ఇంకా తొందరగా వస్తుంది. గోరుతో నలిపితే ఆ రక్తం మన చేతికి అంటుతుంది. స్పిరిట్ పోసిన సీసాలో వేసి మూత పెట్టండి.

రోగం అంటే ముఖ్యంగా పిడుదు కాటుతో రక్తంలోకి చేరే సూక్ష్మజీవులు ఎర్లిఖియా, బబీసియా. కుక్క అన్నం ముందు పెట్టినా వాసన చూసి పక్కకి పోవడం, చిగుళ్లు గులాబీ రంగు పోయి తెల్లబడడం, ముక్కులోంచి రక్తం, మూత్రం కాఫీ రంగు - వీటిలో ఏది కనిపించినా ఆ రోజే డాక్టరు దగ్గరికి. కుక్కకి మామూలు వేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్, థర్మామీటరు మొనకి కొబ్బరినూనె రాసి మలద్వారంలో పెట్టి చూడాలి, ముక్కు తడిగా ఉందా పొడిగా ఉందా అన్నది లెక్కలోకి రాదు. మనింట్లో ఉన్న పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ వెయ్యకండి. పిడుదు ఒక్కటీ కనపడకపోయినా రక్తపరీక్ష అడగండి: ప్లేట్‌లెట్లు, చెవి అంచున తీసిన రక్తపు చుక్కని గాజు పలక మీద పూసి చూసే స్మియర్. ఎర్లిఖియాకి సాధారణంగా డాక్సీసైక్లిన్ నాలుగు వారాలు రాస్తారు. మూడో రోజుకే కుక్క తోకాడిస్తుంది, దాంతో చాలామంది మానేస్తారు, రోగం మళ్లీ వచ్చేది అక్కడే. మాత్ర అన్నంలో పెట్టి, వెనకే నీళ్లు తాగించాలి. గొంతులో ఇరుక్కుంటే పుండు పడుతుంది. బబీసియాకి మందు వేరు, అందుకే పరీక్ష లేకుండా ఊహతో కోర్సు మొదలెట్టడం నాకు నచ్చదు.

ఎంవీపీ కాలనీ, మధురవాడ అపార్ట్‌మెంట్లలో ఇంకో చిక్కు ఉంది: సెల్లార్. వాచ్‌మన్ గది పక్కన, కార్ల నీడలో పడుకునే వీధి కుక్కలకి మందు పడనంతకాలం లిఫ్టు దగ్గరే మీ కుక్కకి కొత్తవి ఎక్కుతూనే ఉంటాయి. వాటిని తరిమితే పక్క సెల్లార్‌కి పోతాయి, వాటి స్థానంలో వేరేవి వస్తాయి. రోజూ అన్నం పెట్టే వాళ్లెవరో అపార్ట్‌మెంట్‌లో అందరికీ తెలుసు. ఖర్చు నలుగురూ పంచుకుని, డాక్టరుని అడిగి, ఆ అన్నం ముద్దలోనే వాటికీ మాత్ర పెట్టించండి. రేబిస్ టీకా కూడా ఆ చేత్తోనే వేయించండి. సెల్లార్ గోడలకి మందు కొట్టడం అసోసియేషన్ లెక్కలో వెయ్యాలి.

అద్దె ఇల్లు మారేటప్పుడు పాత అద్దెదారుకి కుక్క ఉండేదా అని ఓనరుని అడగండి. ఉండేదంటే సామాను దించకముందే, ఖాళీ గోడలకి మందు కొట్టించుకోవడం తేలిక. మీరు ఖాళీ చేసి వెళ్లేటప్పుడు కూడా ఒకసారి కొట్టించి, తాళాలు ఇచ్చేటప్పుడు ఆ మాట ఓనరుకి చెప్పండి.