అరువు పద్దులతో ఫ్లెక్స్ నేర్చుకున్నాను

2008లో నేను హైదరాబాదులో ఒక చిన్న సంస్థలో పీహెచ్‌పీ ప్రోగ్రామర్‌గా పనిచేస్తుండగా, రాబోయే ప్రాజెక్టును అడోబీ ఫ్లెక్స్‌లో చేయాలని మా టీమ్‌కు చెప్పారు. బ్రౌజర్‌లోని ఫ్లాష్ ప్లేయర్‌లో నడిచే ప్రోగ్రామ్‌లు తయారుచేసే సాధనం అది. ప్రతి క్లిక్కుకూ పేజీ మొత్తం మళ్ళీ లోడ్ కాకుండా, డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌లా బ్రౌజర్‌లోనే నడిచే ఇలాంటి ప్రోగ్రామ్‌లను అప్పట్లో రిచ్ ఇంటర్నెట్ అప్లికేషన్లు అనేవారు. 2002లో ఆ పేరును ప్రచారంలోకి తెచ్చింది ఫ్లెక్స్‌ను మొదట తయారుచేసిన మాక్రోమీడియా సంస్థ. ఫ్లెక్స్ 3 మాత్రం 2008 ఫిబ్రవరిలోనే విడుదలైంది. ప్రోగ్రామ్ తయారీకి కావలసిన మూల సామగ్రి అయిన ఎస్‌డీకే ఉచితమే గానీ, కోడ్ రాసుకునే ఫ్లెక్స్ బిల్డర్‌ను కొనుక్కోవలసి ఉండేది కనుక, ట్రయల్ గడువు తీరిపోయాక కోడ్‌ను మామూలు ఎడిటర్‌లో రాసుకుని, కమాండ్ ప్రాంప్ట్‌లో ఎస్‌డీకేలోని ఎంఎక్స్‌ఎంఎల్‌సీ అనే కంపైలర్‌తో నడిచే ప్రోగ్రామ్‌గా మార్చుకునేవాణ్ణి.

నేను పట్టుకున్న పాఠాలన్నీ ప్రాజెక్టు రూపంలో ఉండేవి. ఫోటో గ్యాలరీ, ఆ తర్వాత వస్తువుల జాబితాతో ఒక షాపింగ్ కార్ట్. పాఠంలో ఉన్నది ఉన్నట్టు టైపు చేస్తే ప్రోగ్రామ్ చక్కగా నడిచేది. రెండు వారాల్లో రెండూ పూర్తయ్యాయి. అయితే ఆఫీసులో ఖాళీ ఫైలు తెరిచి కూర్చున్నప్పుడు మొదటి వరుస ఏం రాయాలో తోచలేదు. అందుకే ఆ షాపింగ్ కార్ట్‌నే తీసుకుని, తెనాలిలో మా మామయ్య కిరాణా కొట్టు అరువు పద్దులకు పనికొచ్చేలా మార్చాలని నిర్ణయించుకున్నాను. నాకు ఫ్లెక్స్ వచ్చిందంటే ఆ మార్పుల వల్లనే.

మొదటి అడ్డంకి ఆ రాత్రే ఎదురైంది. ఖాతాదారుల వివరాలను సర్వర్ నుంచి హెచ్‌టీటీపీసర్వీస్ అనే ఫ్లెక్స్ భాగం ద్వారా తెప్పించుకుని, ఆ వెంటనే కింది వరుసలో మొత్తం బాకీ కూడబోతే, ఎర్రర్ 1009 అని వచ్చింది. ఇంకా ఏమీ లేని చోటులోంచి విలువ తీయబోతున్నావని దాని అర్థం. పాఠంలో డేటాను బైండింగ్‌తో నేరుగా పట్టికకు కట్టేశారు కనుక, జవాబు ఎప్పుడు వస్తే అప్పుడు పట్టిక దానంతటదే నిండేది; మధ్యలో ఉన్న ఎదురుచూపు నా కంటపడలేదు. అడగడం ఒక సంగతి, జవాబు అందడం వేరొక సంగతి అని, కూడిక, జవాబు అందిందని తెలిపే రిజల్ట్ ఈవెంట్ వచ్చాకే జరగాలని తెలుసుకోవడానికి తెల్లవారుజాము దాకా పట్టింది. ఆ తర్వాత ప్రోగ్రామ్‌ను ఒక సర్వర్‌లో, డేటాను మరొక సర్వర్‌లో పెట్టినప్పుడు సెక్యూరిటీ ఎర్రర్ వచ్చింది. డేటా ఉన్న సర్వర్‌లో, వేరే చోటి ప్రోగ్రామ్‌కు అనుమతినిచ్చే క్రాస్‌డొమైన్ ఎక్స్‌ఎంఎల్ ఫైలు పెట్టగానే అది తీరిపోయింది.

నాకు ఎక్కువ నేర్పింది మాత్రం ఎర్ర రంగు. ముప్పై రోజులు దాటిన బాకీలు ముందు కంటపడాలని మామయ్య కోరిక. డేటాగ్రిడ్ అనే పట్టికకు, ఒక్కో గడిని ఎలా చూపించాలో చెప్పే ఐటెమ్ రెండరర్ ఒకటి రాసి, గడువు దాటితే పేరు ఎర్రగా కనిపించేలా పెట్టాను. నా దగ్గర ఎనిమిది పేర్లతో పరీక్షిస్తే అంతా సరిగానే ఉంది. తెనాలి వెళ్ళి 140 పేర్లూ ఎక్కించి చూపించాను. మామయ్య మౌస్ చక్రం తిప్పుతూ కిందికీ పైకీ జరిపి, ఒకచోట ఆగారు.

"ఒరేయ్, మన పాలావిడ మొన్ననే బాకీ అంతా తీర్చేసిందిరా. ఆవిడ పేరు ఎర్రగా ఉందేమిటి?"

మళ్ళీ పైకి జరిపి చూస్తే ఈసారి మరొకరి పేరు ఎర్రబడింది. బాకీ లేని మనిషిని బాకీదారుగా చూపించే పద్దు ఏ కొట్టుకూ పనికిరాదు. నాకు చాలా బాధ కలిగింది. కారణం తర్వాత తెలిసింది. ఫ్లెక్స్ 140 వరుసలకు 140 రెండరర్లను తయారు చేయదు. తెరమీద కనిపించే వరుసలకు సరిపడా కొన్నింటినే తయారు చేసి, జరిపినప్పుడు పైనుంచి తప్పుకున్న వాటినే కింద కొత్త పేర్లకు వాడుకుంటుంది. నేను గడువు దాటితే ఎరుపు అని రాశానే తప్ప, దాటకపోతే నలుపు అని రాయలేదు. అందుకని పాత మనిషి ఎరుపు కొత్త మనిషికి అంటుకుంది. ఆ ఒక్క వరుస చేర్చగానే పట్టిక సరిపోయింది. ఎనిమిది పేర్లు ఒకే తెరలో పట్టేస్తాయి కనుక, జరపవలసిన అవసరమే రాక, ఆ లోపం నా దగ్గర ఎన్నటికీ బయటపడేది కాదు. పాఠంలోని షాపింగ్ కార్ట్‌లోనూ వస్తువులు అంత కొద్దిగానే ఉండేవి.

ఆ ప్రోగ్రామ్ కొట్టులో చాలాకాలం నడిచింది. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్ ప్లేయర్‌కు అడోబీ మద్దతు ముగుస్తుందని ముందే తెలుసు కనుక, అంతకు ఏడాది ముందు నేను రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఈసారి కూడా పాఠంలోని ప్రాజెక్టును సగంలోనే ఆపి, దాన్ని అరువు పద్దుగా మార్చి, మొదటి రోజే 140 పేర్లూ ఎక్కించాను. ఒకరి పేరు ఎదుట జమ గడిలో 500 అని టైపు చేసి, జాబితాను బాకీల క్రమంలో పేర్చి చూస్తే, ఆ 500 మరొకరి పేరు పక్కన కనిపించింది. ఏ వరుస ఎవరిదో రియాక్ట్ గుర్తుపట్టే కీగా వరుస సంఖ్యనే ఇచ్చానని వెంటనే అర్థమై, దాని బదులు ఖాతా నంబరు ఇచ్చాను.