అన్నం వాసన పడని రోజులు

నెల తప్పిన కొత్తలో నాకు మొట్టమొదట పడకుండా పోయింది అన్నమే. వంటింట్లో కుక్కరు మూత తీస్తే ఆ ఆవిరి వాసనకు ముందుగదిలో పడుకున్న నాకు కడుపులో తిప్పేది. తరువాత ఇంగువ పోపు, ఆపైన కాచిన నెయ్యి, చివరికి మంచినీళ్ళు కూడా వెగటైపోయాయి. వేవిళ్ళు అందరికీ వచ్చేవేననీ, మూడో నెల దాటితే సర్దుకుంటాయనీ ఇంటికి వచ్చిన ప్రతివారూ ధైర్యం చెప్పారు. చాలామంది విషయంలో అది నిజమే కానీ, నా విషయంలో కాలేదు.

మా అత్తయ్యగారు ఒక్క మాట కూడా అనకుండా పొయ్యి పెరటి వసారాలోకి మార్చేశారు. పోపు అక్కడే పెట్టి, అన్నం పూర్తిగా చల్లారిన తరువాతే లోపలికి తెచ్చేవారు. వేడి పదార్థానికి ఉన్నంత వాసన చల్లటిదానికి ఉండదని ఆవిడ ఎవరూ చెప్పకుండానే కనిపెట్టారు. పొద్దున్నే మంచం దిగకముందే తినడానికి గుప్పెడు మరమరాలు తలగడ పక్కన పెట్టేవారు. ఆవిడకు నేను ఎన్నటికీ రుణపడి ఉంటాను. చూడవచ్చిన పెద్దత్తయ్యగారు మాత్రం, "మేము కనలేదా? తిండి దగ్గర ఇన్ని వగలు పోతే లోపలి బిడ్డ ఏం కావాలి?" అని నలుగురిలో అన్నారు. బిడ్డకు తిండి అందడం లేదేమోనన్న భయంతో అప్పటికే కుమిలిపోతున్న మనిషితో అనవలసిన మాట కాదది.

మూడో నెలలో ఒక వానరాత్రి నా ప్రాణం మీదికే వచ్చింది. పొద్దుటి నుంచీ చెంచాడు నీళ్ళు కూడా కడుపులో నిలవలేదు, సాయంత్రం నుంచి మూత్రం కూడా రాలేదు. నాలుక అంగిలికి అతుక్కుపోయింది, గుండె దడదడలాడింది, లేచి నిలబడితే కళ్ళు చీకట్లు కమ్మాయి. అర్ధరాత్రి దాటాక అయిన వాంతిలో సన్నటి నెత్తుటి చార కనిపించేసరికి మావారు భయపడి, కాకినాడలోనే ఉన్న ఒక నర్సింగ్ హోముకు ఆటోలో తీసుకువెళ్ళారు. అక్కడి డ్యూటీ డాక్టరు నన్ను ముట్టుకుని చూడకుండానే, "వేవిళ్ళకు ఈ వేళప్పుడు రావాలా అమ్మా? ఇదంతా మనసులో ఉండేదే, గట్టిగా అనుకుని తింటే అదే పోతుంది" అన్నాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది.

నన్ను కాపాడింది అక్కడే ఉన్న పెద్దవయసు నర్సమ్మ. ఆమె నా నాలుక చూసింది, ముంజేతి మీది చర్మాన్ని చిటికెతో పట్టి వదిలి, అది వెంటనే సర్దుకోకపోవడం గమనించింది, ఒంట్లో నీరు తగ్గిపోయిందనడానికి అది గుర్తు. ఎలాగో వచ్చిన కాసింత మూత్రంలో పరీక్ష పట్టీ ముంచితే అది ముదురు ఊదారంగుకు తిరిగింది. తిండి లేక ఒంట్లోని కొవ్వు కరిగి కీటోన్లు పడుతున్నాయని చెప్పి, "ఈ అమ్మాయిని ఇంటికి పంపడానికి వీల్లేదు సార్" అని గట్టిగా నిలబడింది. సెలైన్లు, ఇంజెక్షన్లు, స్కానింగు అన్నీ ఆ వెనుక వరుసగా జరిగిపోయాయి. బిడ్డ గుండె చప్పుడు బాగుందన్న తరువాతే నాకు కన్నీళ్ళు వచ్చాయి.

తెల్లవారి వచ్చిన పెద్ద డాక్టరమ్మగారు మామూలు వేవిళ్ళను మించి ఇలా తీవ్రంగా వచ్చే వాంతులను హైపరెమెసిస్ గ్రావిడారమ్ అంటారని వివరించారు. గర్భానికి ముందున్న బరువులో 5 శాతానికి మించి తగ్గితే తేలిగ్గా తీసుకోకూడదన్నారు. 52 కిలోలు ఉండే నేను అప్పటికి 47కు వచ్చాను. గ్లూకోజు ఎక్కించే ముందే బి-1 విటమిన్ ఇంజెక్షన్ చేయించారు. ఎన్నో రోజులుగా తిండి లేని ఒంటికి అది లేకుండా గ్లూకోజు ఇస్తే మెదడుకు హాని జరగవచ్చునట. వికారం తగ్గడానికి డాక్సిలమైన్ అనే మందు, బి-6 విటమిన్ కలిసిన మాత్ర రాసి, వికారాన్ని పెంచుతున్న ఐరన్ మాత్రను కొన్నాళ్ళు ఆపి, ఫోలిక్ యాసిడ్‌ను మాత్రం మానవద్దన్నారు.

2023 డిసెంబరులో నేచర్ అనే విజ్ఞానశాస్త్ర పత్రికలో వచ్చిన పరిశోధన గురించి తరువాత చదివాను. బిడ్డ వైపు నుంచి, ముఖ్యంగా మాయ (ప్లాసెంటా) నుంచి తల్లి రక్తంలోకి వచ్చే జీడీఎఫ్-15 అనే హార్మోనుకు ఈ వికారంతో గట్టి సంబంధం ఉందనీ, గర్భానికి ముందు ఆ హార్మోను తక్కువగా ఉన్నవారికి బాధ ఎక్కువయ్యే అవకాశం ఉందనీ అందులో తేల్చారు. మనసులో ఉండేదే అన్న ఆ డ్యూటీ డాక్టరు కూడా అది చదివి ఉంటే బాగుండునని నా కోరిక.

అయిదో నెలలో మజ్జిగ పోసిన చద్దన్నం నాలుగు ముద్దలు నిలిచింది, దానితోపాటు ఉప్పు అద్దిన జామకాయ ముక్కలూ నిలిచాయి. నెయ్యి వాసన మీద వెగటు పోయిందని నాకు తెలిసింది మాత్రం అన్నవరంలో, మావారి మొక్కు తీర్చుకున్న రోజున, విస్తరాకులో కట్టిచ్చిన సత్యనారాయణస్వామి ప్రసాదం వేడిగా తిన్నప్పుడు. వైద్యం ఎంత చేసిందో స్వామి దయ కూడా అంత చేసిందని నేను నమ్ముతాను. పాప 2.8 కిలోల బరువుతో క్షేమంగా పుట్టింది.

మీ ఇంట్లో కడుపుతో ఉన్న అమ్మాయి నీళ్ళు కూడా ఇముడ్చుకోలేకపోతున్నా, మూత్రం బాగా తగ్గినా, తల తిరిగి పడిపోతున్నా తెల్లవారే దాకా ఆగకండి, ఆసుపత్రిలో కీటోన్ల పరీక్ష చేయమని మీరే అడగండి. ఒకసారి ఇలా వచ్చినవారికి మరుసటి కాన్పులోనూ వచ్చే అవకాశం ఎక్కువని డాక్టరమ్మగారు చెప్పారు. అందుకే రెండో బిడ్డ కోసం అనుకుంటున్న ఈ రోజుల్లో, నెల తప్పగానే మాత్రలు మొదలుపెట్టే సంగతి ఆవిడతో ఇప్పుడే మాట్లాడి ఉంచాను.