97.5 దగ్గర ఆగిపోయిన థర్మామీటరు

ఎనిమిదో తరగతి రికార్డులు దిద్దుతున్నాను. ఆరు గ్రూపులు చేసిన ప్రయోగం. ఆరు పుస్తకాల్లోనూ ఒకటే అంకె: నీటి మరుగు స్థానం 100 డిగ్రీల సెల్సియస్. ఒక పుస్తకంలో మాత్రం ఆ 100 కింద రబ్బరుతో చెరిపిన మరక ఉంది. వెలుతురుకు ఎత్తి చూస్తే 97.5 అని పెన్సిలు అచ్చు కనబడింది.

మర్నాడు ఆ అమ్మాయిని పక్కకు పిలిచి అడిగాను. "ఆడికాడే నిలిచిపోయింది మేడం. ఎంతసేపు కాగినా పైకి పోలేదు. థర్మామీటరు చెడిపోయిందనుకొని 100 రాసేసినా" అంది. మిగతా గ్రూపులనూ అడిగాను. కాసేపు ఒకరి మొహం ఒకరు చూసుకుని, తమకూ అంతే వచ్చిందన్నారు.

మాది మదనపల్లె పక్కనున్న ఒక జడ్పీ హైస్కూలు. సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తు. ఎత్తుకు పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి నీళ్ళు ముందే మరుగుతాయి. సుమారు 300 మీటర్లకు ఒక డిగ్రీ తగ్గుతుందని లెక్క. అంటే మా ఊళ్ళో 97.5కీ 98కీ మధ్యే మరగాలి. పిల్లలు చూసింది అక్షరాలా నిజం. కళ్ళతో చూసిన నిజాన్ని చెరిపేసి, పుస్తకంలో ఉన్నది రాశారు.

నాకు బాధ వేసింది, కానీ పిల్లల మీద కాదు. నేను ఇంటర్‌లో లఘులోలకం (దారానికి వేలాడదీసి ఊపే గుండు) ప్రయోగం చేసినప్పుడు g, అంటే గురుత్వ త్వరణం విలువ, 980 దగ్గర రావాలని ముందే తెలుసు. నాకు వచ్చింది చాలా తక్కువ. అప్పుడు వెనక నుంచి లెక్కకట్టి, 20 డోలనాలకు ఎంత టైము పట్టాలో అదే రాశాను. మంచి మార్కులు పడ్డాయి. ఆ పని తప్పని నాకు ఒక్కరూ చెప్పలేదు. ఇన్నేళ్ళ తర్వాత నా క్లాసులో ఆరు గ్రూపులు అదే చేస్తే, అది నేర్పింది మేమే కదా అనిపించింది.

కారణం వెంటనే చెప్పేయాలని నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను. "థర్మామీటరు చెడిపోయిందన్నారు కదా, చెడిపోయిందో లేదో ఎట్లా తెలుసుకుంటారు?" అని మాత్రం అడిగాను. వెనక బెంచీ అబ్బాయి ఒకడు, "ఐసులో పెడితే సున్నా రావల్ల కదా మేడం" అన్నాడు. జ్యూసు అంగడి నుంచి ఐసు తెప్పించాం. ఆరింటిలో అయిదు సున్నా చూపించాయి, ఒకటి 1 చూపించింది. దానికి చీటీ అంటించి పక్కన పెట్టారు. "ఐసులో సరిగ్గా ఉన్నంత మాత్రాన కాగే నీళ్ళలో సరిగ్గా ఉంటుందా?" అని ఇంకొకరు అడిగారు. నాకు అన్నిటికన్నా నచ్చిన ప్రశ్న అది. సరే, మిగిలిన అయిదింటినీ ఒకే బీకరులో ఉంచి కాచాం. అన్నీ 97.5, 98 మధ్యే ఉన్నాయి.

ఇక్కడే చేతిపని నేర్పడానికి రెండు పీరియడ్లు పట్టింది. పిల్లలకు తెలిసింది జ్వరం చూసే థర్మామీటరు. అందుకే దీన్నీ విదిలించబోతారు, నీళ్ళలోంచి బయటికి తీసి చదువుతారు. తీసిన క్షణం నుంచే అది దిగిపోతుంటుంది. నీళ్ళలో ఉండగానే చదవాలి. బల్బు బీకరు అడుగుకు తగలకూడదు, తగిలితే గాజు వేడి చదువుతాం. కన్ను పాదరసం అంచుకు సరిసమానంగా ఉండాలి. స్పిరిట్ దీపాన్ని ఊది ఆర్పకూడదు, మూత పెట్టాలి. జడలు వెనక్కి కట్టుకోవాలి. ఇవన్నీ గోడ మీద చార్టుగా ఏళ్ళ తరబడి ఉన్నాయి. తన అంకె తప్పో ఒప్పో తేల్చుకోవాల్సిన అవసరం వచ్చాకే పిల్లలు వాటిని పట్టించుకున్నారు.

తర్వాత అనుమానం నీళ్ళ మీదికి పోయింది. "మాది బోరునీళ్ళు మేడం, ఉప్పు జాస్తి." మంచి పరికల్పన. క్యాను నీళ్ళతో పోల్చి చూడమన్నాను. అదే బీకరు, అదే థర్మామీటరు, నీళ్ళు మాత్రం మార్పు. తేడా రాలేదు. ఇంట్లోంచి ఉప్పు తెచ్చి గుప్పెడు వేసి చూశారు, అంకె తగ్గలేదు సరికదా కొంచెం పెరిగింది. కాబట్టి ఉప్పు కారణం కాదు. పుస్తకంలో "చరరాశి", అంటే ప్రయోగంలో మారే అంశం, అన్న మాట నేను ఎన్నిసార్లు చెప్పానో. ఆ రోజు ఒకమ్మాయి, "ఒగ తూరికి ఒగటే మార్చల్ల, రెండు మారిస్తే ఎవరిది తప్పో తెలీదు" అంది. అంతకన్నా బాగా నేను చెప్పలేను.

చివరికి ఎత్తు దగ్గరికి వచ్చారు. మాకు ముప్ఫై కిలోమీటర్ల లోపే హార్స్‌లీ హిల్స్ ఉంది, నాలుగు వేల అడుగుల పైన. ఇళ్ళల్లో అనుమతులు తీసుకుని, ఒక ఆదివారం ఎనిమిది మంది పిల్లలు, నేను, మా హిందీ టీచరు బస్సెక్కాం. థర్మామీటర్లను దూదిలో చుట్టి టమోటా తోట డ్రిప్పు పైపు ముక్కల్లో దూర్చి తెచ్చాడు ఒక రైతుబిడ్డ. బస్సులో స్పిరిట్ తీసుకుపోకూడదు కాబట్టి, టీ కొట్టు ఆమెను "అక్కా, ఒక అరగంట పొయ్యి ఇస్తారా" అని అడిగాం. ఇచ్చింది. డబ్బులు వద్దంది.

బయలుదేరే ముందే అందరూ అంచనాలు రాసి మడిచి ఇచ్చారు. కొండమీద చలి కాబట్టి ఎక్కువ వేడి కావాలని ముగ్గురు, తగ్గుతుందని నలుగురు, మారదని ఒకరు. కాగే గిన్నె దగ్గరికి ఒక్కొక్కరే వచ్చి చదివి, పక్కవాళ్ళకు చెప్పకుండా చీటీ మీద రాశారు. 96, 95.5, 96, 96, 96.5... టీ కొట్టు అక్క కూడా తొంగి చూసి, "అందుకేనా ఈడ పప్పు బేగి ఉడకదు!" అంది.

1742లో సెల్సియస్ తన కొలమానం ప్రకటించినప్పుడే, మరుగు స్థానం గాలి ఒత్తిడిని బట్టి మారుతుందని గమనించాడు. ఆయన మొదట మరిగే నీటికి 0, గడ్డకట్టే నీటికి 100 పెట్టాడని చెబితే పిల్లలు నమ్మలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో చెప్పాను ఇదంతా.

"మరి పరీక్షలో ఏం రాయాల మేడం?" అని అడిగారు. సముద్రమట్టం దగ్గరి వాతావరణ పీడనం వద్ద 100 అని రాయండి, మన ఊరి అంకె కూడా పక్కన రాయండి, నేను దిద్దే పేపరైతే మార్కు ఇస్తాను అన్నాను. బయటి పరీక్షల్లో ఆ పక్క అంకెకు విలువ ఉంటుందని మాట ఇవ్వలేకపోయాను.

ఇప్పుడు వాళ్ళకు సముద్రం పక్క అంకె కావాలి. 97.5 చెరిపిన ఆ అమ్మాయి వాళ్ళక్క నెల్లూరులో నర్సింగు చదువుతోంది. థర్మామీటరు డ్రిప్పు పైపులో పెట్టి పంపుతూ, జతగా ఒక ఉత్తరం రాసి నాకు చూపించింది. "అక్కా, బల్బు గిన్నె అడుక్కి తగలనీయొద్దు. బయటికి తీసి చదవొద్దు. మూడుసార్లు చూసి మూడూ రాయి, బాగున్నదొకటే రాయొద్దు. 100 వస్తుందని మేము అనుకుంటా ఉండాము."

చివరి వాక్యం మీద వేలు పెట్టి, "ఇది మీ అక్కకు ముందే తెలిస్తే?" అని అడిగాను. ఒక క్షణం ఆలోచించి, పెన్ను తీసుకుని ఆ వాక్యం కనబడకుండా కొట్టేసింది. మళ్ళీ తనే, "వద్దులే మేడం, వెలుతురులో పెడితే కనిపిస్తుంది" అని కొత్త కాగితం మీద ఉత్తరం మొత్తం తిరగరాసింది.