రహస్యం ఎవరి దగ్గర ఉన్నది: నా కథల పుస్తకంలో ఈ ఏడాది నమోదులు

సినిమా చూసిన తరువాత కథను పుస్తకంలో రాసుకొనే అలవాటు నాకు చాలాకాలంగా ఉన్నది. పాత పేజీల్లో కథాసంగ్రహం, నటీనటుల పేర్లు, నచ్చిన మాట ఒకటి రెండు ఉంటాయి. ఈ ఏడాది మొదటి నుంచి ప్రతి కథకూ ఒకే ప్రశ్న వేసి, దానికి దొరికిన సమాధానాన్ని మాత్రమే నమోదు చేస్తున్నాను. కథలో దాగిన విషయం ఏమిటి, పాత్రల్లో అది ఎవరికి తెలుసు, చూసేవాడికి ఎప్పుడు తెలిసింది అన్నదే ఆ ప్రశ్న. ఇతివృత్తం ప్రేమ కావచ్చు, హత్య కావచ్చు, అత్తాకోడళ్ల తగాదా కావచ్చు. కథ నడిచే తీరు మాత్రం ఈ ఎరుకను ఎవరెవరికి ఎంతెంత పంచారన్న దానిని బట్టే ఉంటుందని నాకు రోజురోజుకూ గట్టిగా అనిపిస్తున్నది. ముగింపులు కూడా ఇందులో చెప్పవలసి వస్తుంది కనుక, ఆయా చిత్రాలు చూడనివారు ఆ భాగాలు దాటవేయవచ్చు.

పుస్తకం ఏర్పాటు

గీతలున్న లాంగ్ నోటుబుక్కును అడ్డంగా తిప్పి, రెండు పేజీలను కలిపి ఒక కథకు కేటాయిస్తున్నాను. ఎడమ నుంచి నాలుగు గడులు: దాగిన విషయం, తెలిసిన పాత్రలు, తెలియని పాత్రలు, చూసేవాడికి తెలిసిన చోటు. పాత్రల కన్నా ముందు మనకు తెలిసిన విషయానికి ఎర్ర సిరా, వారితో పాటే తెలిసినదానికి నీలం, వారికి తెలిసి మనకు దాచినదానికి పెన్సిలు వాడుతున్నాను. సినిమా పూర్తయ్యాక పేజీని చేయి చాచి దూరంగా పట్టుకొని చూస్తే, అది ఏ జాతి కథో రంగును బట్టే తెలిసిపోతుంది.

మొదటిసారి చూసేటప్పుడు పెన్ను ముట్టను. రెండోసారి చూసేటప్పుడు మాత్రమే, పాటలు కూడా దాటవేయకుండా, గడులు నింపుతాను. పాత చిత్రాల విషయంలో నిమిషాలు రాయడం వల్ల ప్రయోజనం తక్కువ, ఎందుకంటే ఒకే చిత్రం వేరువేరు నిడివులతో దొరుకుతుంది. "మాయాబజార్" రంగుల ప్రతి 2010లో వచ్చినప్పుడు నలుపు తెలుపుల మూలం కన్నా బాగా కుదించి వచ్చింది. అందువల్ల "ఇంటర్వెల్‌కు ముందు", "పెళ్లి సన్నివేశం తరువాత" అని సంఘటనను పట్టుకొని గుర్తు పెట్టుకోవడమే మేలు.

విజయా వారి మూడు చిత్రాలు

మొదట తీసుకున్నవి "మిస్సమ్మ" (1955), "మాయాబజార్" (1957), "గుండమ్మ కథ" (1962). మూడు పేజీలూ దాదాపు పూర్తిగా ఎర్ర సిరాతో నిండిపోయాయి.

"మిస్సమ్మ"లో నిరుద్యోగులైన మేరీ, ఎం.టి.రావు, ఉపాధ్యాయ దంపతులు కావాలన్న ప్రకటన చూసి, భార్యాభర్తలమని చెప్పి ఒక జమీందారు నడిపే బడిలో చేరతారు. వారు దంపతులు కారన్న సంగతి మనకు మొదటే తెలుసు, వెంట వచ్చిన రేలంగి పాత్రకు తెలుసు, జమీందారు ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇక ఆ ఇంట్లో ఎవరు ఏ ఆప్యాయత చూపినా అది నవ్వుగా మారుతుంది. "అమ్మాయి", "అల్లుడు" అన్న ప్రతి పిలుపూ మేరీకి ఒళ్లు మండిస్తుంది, ఎం.టి.రావు మాత్రం దానిని లోలోపల ఆనందిస్తుంటాడు. చివరికి పెద్దవారి ఆప్యాయత సీమంతం తలపెట్టేదాకా వచ్చేసరికి ఆ నాటకం ఇక నిలవదు. నాకు ఎక్కువ ఆసక్తి కలిగించినది రెండో వరుస: మేరీయే జమీందారు తప్పిపోయిన కూతురు మహాలక్ష్మి. ఇది ఏ పాత్రకూ తెలియదు, మేరీకి కూడా తెలియదు. చూసేవాడు మాత్రం ముందే పసిగడతాడు. పుట్టుమచ్చ ఆధారంతో దానిని తేల్చే బాధ్యతను డిటెక్టివు వేషాల రాజుకు, అంటే అక్కినేనికి, అప్పగించారు. ఆ వేషం కేవలం హాస్యానికి పెట్టినదని లోగడ అనుకొనేవాడిని. గడులు నింపాక చూస్తే రెండు రహస్యాలనూ ముడివేసే దారం ఆయన చేతిలోనే ఉన్నది. హాస్యపాత్ర చేత కథ ముడి విప్పించడం చక్రపాణి గారి రచనలోని నేర్పు.

"మాయాబజార్" పేజీ ఇంకా వింతగా ఉన్నది. శశిరేఖ మంచంతో సహా ఆకాశమార్గాన వెళ్లిపోయిన తరువాత ద్వారకలో మిగిలినది ఘటోత్కచుడు. ఆ సంగతి కృష్ణుడికి తెలుసు, మనకు తెలుసు. బలరామరేవతులకు, కౌరవ పరివారానికి తెలియదు. దాదాపు మిగిలిన సినిమా అంతా ఈ ఒక్క తేడా మీద నడుస్తుంది. సావిత్రి నటనను రెండోసారి గడులు పక్కన పెట్టుకొని చూస్తే ఒక క్రమం కనబడుతుంది: చుట్టూ మనుషులు ఉన్నంతసేపు తల వంచుకొని ఉన్న పెళ్లికూతురు, వారు చూపు తిప్పిన మరుక్షణం భుజాలు విప్పి అడుగు బరువుగా వేస్తుంది, పాట మధ్యలో గొంతు ఘంటసాలది అయిపోతుంది. అంటే "తెలిసినవారు", "తెలియనివారు" అన్న నా రెండు గడులనూ ఆమె తన దేహంతోనే నటించింది. పింగళి నాగేంద్రరావు గారు రహస్యాలను బయటపెట్టడానికి రెండు వస్తువులు కూడా కల్పించారు. ప్రియదర్శిని పెట్టె తెరిస్తే మనసులో ఉన్నవారు కనబడతారు, సత్యపీఠం ఎక్కితే నోటి వెంట నిజం తప్ప మరొకటి రాదు. శకుని ఆ పీఠం ఎక్కినప్పుడు ఎర్ర సిరా అంతా ఒక్కసారిగా నీలం అయిపోతుంది. కథలో పాండవులు ఒక్క దృశ్యంలోనూ కనబడరన్నది ప్రసిద్ధమైన విషయమే. అయితే ఈ లెక్కలో చూస్తే వారు లేకపోవడం వల్ల కలిగిన లాభం తెలుస్తుంది: ధర్మరాజు తెర మీద ఉంటే ఇంత పెద్ద మోసానికి ఆయన సమ్మతి కూడా కథ చెప్పవలసి వచ్చేది.

"గుండమ్మ కథ" గురించి ఎక్కువ రాయలేదు. ధనవంతుల బిడ్డ అంజి పేరుతో పనివాడై గుండమ్మ ఇంట చేరడం, మనకు తెలిసినది ఆమెకు తెలియకపోవడం, ఈ రెండూ "మిస్సమ్మ" దారిలోనే ఉన్నాయి. సూర్యకాంతం గారి కోపానికి మనం భయపడకుండా నవ్వడానికి కారణం మాత్రం ఇక్కడే ఉన్నదని నా అభిప్రాయం: ఆమె ఎవరి మీద అరుస్తున్నదో ఆమెకు తెలియదు, మనకు తెలుసు.

గడులు ఖాళీగా మిగిలిన చిత్రం

ఫిబ్రవరి చివర కె.బాలచందర్ "మరోచరిత్ర" (1978) చూశాను. తమిళుల అబ్బాయి బాలు, తెలుగువారి అమ్మాయి స్వప్న, పక్కపక్క ఇళ్లు, విశాఖ తీరం. ఒక ఏడాది పాటు కలవకుండా ఉండాలన్న పెద్దల షరతు. ఇందులో దాచిన విషయం అంటూ దాదాపు ఏమీ లేదు. ప్రేమ సంగతి అందరికీ తెలుసు, అడ్డంకి కూడా బహిరంగంగానే ఉన్నది. నా పద్ధతికి లొంగని కథ ఇది. దీని కోసం ఐదో గడి చేర్చి "షరతు" అని పేరు పెట్టాను. రహస్యం లేని ప్రేమకథలకు ఇంధనం గడువో ప్రతిజ్ఞో అవుతున్నది. ఇక్కడ ఆ ఏడాది గడువే ఉత్కంఠ. పేజీ ఖాళీగా ఉన్నంత మాత్రాన కథ బలహీనమని అనుకోరాదు.

పెన్సిలు గీత: దృశ్యం

జీతూ జోసెఫ్ మలయాళ "దృశ్యం" (2013) నా పుస్తకంలో అత్యంత చిక్కైన పేజీ. తెలుగు రూపం 2014లో శ్రీప్రియ దర్శకత్వంలో, వెంకటేష్ కథానాయకుడిగా వచ్చినది. నేను మూలాన్నే వాడాను. నాలుగో తరగతితో చదువు ఆపేసి కేబుల్ టీవీ నడుపుకొంటున్న జార్జికుట్టి, తన ఇంట్లో జరిగిన హత్యను కప్పిపుచ్చుతాడు. చనిపోయినవాడు పోలీసు ఐజీ గీత కొడుకు. హత్య మన కళ్ల ముందే జరుగుతుంది కనుక మొదటి సగం పేజీ ఎర్ర సిరాయే: మనకు తెలుసు, పోలీసులకు తెలియదు. ప్రేక్షకుడు ఇక తాను అంతా తెలిసినవాడినని నిశ్చింతగా కూర్చుంటాడు. దర్శకుడు పట్టుకొన్నది ఆ నిశ్చింతనే.

మొదటి పెన్సిలు గీత ప్రయాణపు తేదీ దగ్గర పడింది. హోటలువాడు, బస్సు కండక్టరు, సినిమా హాలు మనిషి అందరూ నిజాయితీగానే సాక్ష్యం చెబుతారు. వారి జ్ఞాపకంలోకి తేదీని జార్జికుట్టి ఎలా నాటాడో ఐజీ గీత తర్కించి చెప్పేదాకా మనకూ పూర్తిగా బోధపడదు. రెండో పెన్సిలు గీత చివరి క్షణాలది. పెరట్లో తవ్వితే జంతువు కళేబరం బయటపడుతుంది. శవం ఎక్కడ ఉన్నదో జార్జికుట్టి భార్యకు కూడా చెప్పడు. నిర్మాణంలో ఉన్న పోలీసు స్టేషను నుంచి అతడు పారతో బయటికి రావడం ఆఖరున మనకు మాత్రం చూపుతారు. "తెలిసిన పాత్రలు" గడిలో ఒకే ఒక్క పేరు ఉన్న వరుస నా పుస్తకంలో ఇదొక్కటే.

2021లో వచ్చిన రెండో భాగం చూసిన తరువాత ఆ గడిని మార్చవలసి వచ్చింది. ఆ రాత్రి అతడు స్టేషను నుంచి రావడం మరొకడు కూడా చూశాడన్నదే రెండో భాగానికి పునాది. కొనసాగింపు కథ రాయదలచినవారు కొత్త సంఘటనల కోసం వెతకడం కన్నా, మొదటి కథలో ఒకే పేరు ఉన్న గడిలో రెండో పేరు చేర్చడం ఎంత బలమైన పనో దీనిని చూసి నేర్చుకోవచ్చు.

జవాబు చెప్పని కథలు

అకిర కురొసావా "రషోమన్" (1950) నిడివి గంటన్నరకు లోపే. అడవిలో ఒక సమురాయి చనిపోయాడు. దొంగ ఒక కథ చెబుతాడు, భార్య మరొకటి, పూనకం వచ్చిన స్త్రీ నోట చచ్చినవాడు మూడోది, కట్టెలు కొట్టేవాడు నాలుగోది. కట్టెలవాడి మాటను చివరి సాక్ష్యంగా నమ్ముదామంటే, విలువైన బాకు మాయమైన సంగతిని అతడు దాచాడు. పేజీలో నాలుగు కథనాలకు నాలుగు వరుసలు గీసి, "చూసేవాడికి తెలిసిన చోటు" గడిని ఖాళీగా వదిలాను. ఇక్కడ ప్రతివారూ హత్యను దాచడానికి కాక తమ గౌరవాన్ని కాపాడుకోవడానికి అబద్ధమాడతారు. దొంగ కూడా తాను వీరోచితంగా పోరాడానని చెప్పుకోవడానికే నేరం ఒప్పుకొంటాడు. ఈ చిత్రానికి 1951లో వెనిస్ చిత్రోత్సవంలో స్వర్ణసింహం దక్కింది.

సిడ్నీ లూమెట్ "12 యాంగ్రీ మెన్" (1957) కూడా ఈ జాతిదే. కుర్రవాడు తండ్రిని చంపాడో లేదో చివరికీ తెలియదు. పన్నెండుమంది జ్యూరీ సభ్యుల్లో సందేహం ఎలా ప్రాకిందో మాత్రమే తెలుస్తుంది. సాక్షి ముక్కు మీద కళ్లజోడు పెట్టుకొన్న గుర్తులున్నాయన్న చిన్న సంగతి ఎంత పని చేసిందో చూడాలి. దీనిని బాసు చటర్జీ 1986లో హిందీలో తీశారు.

సీరియల్ నమోదు

ధారావాహికలను సినిమా లెక్కన రాయడం వీలు కాదు. స్టార్ మాలో 2017లో మొదలైన "కార్తీకదీపం" వెయ్యి భాగాలు దాటిన కథ. దానిని నేను పాత భాగాలుగా, మా అత్తయ్య పక్కన కూర్చొని, ఆవిడ వ్యాఖ్యానంతో చూస్తున్నాను. మోనిత అబద్ధం వల్ల కార్తీక్ తనకు పిల్లలు పుట్టరని నమ్మాడు, దీపను అనుమానించాడు. ఆ అనుమానం తప్పని మనకు తెలుసు. సినిమాలో ఎర్ర సిరా గంటన్నర నిలిస్తే ఇక్కడ ఏళ్ల తరబడి నిలుస్తుంది. అందుకని సీరియళ్లకు వేరే గడి పెట్టాను: "చెప్పబోయి ఆగిన చోటు". ఫోను మోగడం, తలుపు దగ్గర ఎవరో నిలబడడం, చెప్పవలసినవారు స్పృహ తప్పడం, విన్నవారు సగమే వినడం అన్న నాలుగు రకాలే మాటిమాటికీ వస్తున్నాయి. "ఇవాళ కూడా చెప్పదురా, రేపు శనివారం కదా" అని అత్తయ్య వంటింట్లోంచే అంటుంది, చాలాసార్లు అదే నిజమవుతుంది. వారాంతపు విరామానికి ముందు రహస్యం బయటపడబోతున్నట్టు చూపి ఆపడం ఆవిడకు కంఠస్థం. ఇలాంటి కథలకు వారానికి మూడు వాక్యాలు చాలు. భాగం మొదట్లో వచ్చే వెనుకటి కథ, చివరి రెండు నిమిషాలు ఉంటే వరుస తెగదు.

"అమృతం" (2001-2007) దీనికి పూర్తిగా వ్యతిరేకం. అమృతరావు ఒక కొత్త ఆలోచన చేస్తాడు, దానిని ఎవరో ఒకరి దగ్గర దాస్తాడు, అదే భాగంలో అది బెడిసికొడుతుంది. ఒక్కో భాగానికి ఒక్క వరుస సరిపోతుంది. గుణ్ణం గంగరాజు గారి బృందం ఆ చిన్న చట్రంలో చేసిన పని మీద విడిగా రాయాలని ఉన్నది.

కొరియా ధారావాహిక, ఇప్పటి స్థితి

ప్రస్తుతం "రిప్లై 1988" సగానికి వచ్చింది. సియోల్ నగరంలోని సాంగ్‌మున్ దోంగ్ వీధి, ఇరుగుపొరుగు ఐదు కుటుంబాలు, ఇరవై భాగాలు. మధ్యవయసుకు వచ్చిన దొక్‌సన్, భర్త పక్కన కూర్చొని గతాన్ని చెబుతుంటుంది. ఆ భర్త చిన్ననాటి స్నేహితుల్లో ఎవరన్నది చూసేవాడికి దాచారు. అంటే ఇక్కడ పాత్రలకు తెలుసు, మనకే తెలియదు. పేజీ అంతా పెన్సిలే. ముగింపు ఏమిటో ఇదివరకే విన్నాను కనుక, ఆధారాలు ఎక్కడెక్కడ దాచారో వెతకడం తేలికగానే ఉన్నది. అయినా నాకు బాగా నచ్చినది ఈ చిక్కుముడితో సంబంధం లేని మొదటి భాగం: ఒలింపిక్స్‌లో మడగాస్కర్ దేశం పేరున్న పలకను పట్టుకొని నడవడానికి దొక్‌సన్ ఎంతో సాధన చేస్తుంది, ఆ దేశం పోటీలకు రాదని తెలిసి ఏడుస్తుంది, చివరికి ఉగాండా పలకతో నడుస్తుంది.

ఉపశీర్షికలు చదువుతూ గడులు నింపడం సాధ్యం కావడం లేదు. ఒక్కో భాగం గంటకు పైగానే ఉంటున్నది కాబట్టి, రెండోసారి చూడడం మాని, భాగం అయిపోగానే ఫోనులో రెండు నిమిషాలు మాట్లాడి రికార్డు చేసి, ఆదివారం నాడు పుస్తకంలోకి ఎక్కిస్తున్నాను. ఈ పద్ధతిలో సంభాషణలు నిలవవు కాని, ఎవరికి ఏమి తెలుసన్న సంగతి బాగానే నిలుస్తుంది. దీని తరువాత తెలుగు "దృశ్యం" పేజీని మలయాళం పేజీ పక్కన రాసి, పెన్సిలు గీతలు అవే చోట పడ్డాయో లేదో చూడవలసి ఉన్నది.